వెండి డబ్బీలో ఉన్నది

పద్దెనిమిదేళ్లుగా ప్రతి శుక్రవారం నేను ఒక అబద్ధానికి ఊదు వేస్తున్నాను.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మేలు. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యం ఉంటే ఎప్పుడో చెప్పేదాన్ని. మా ఆయనకు చెప్పలేదు. కన్నతల్లికి చెప్పలేదు. చెప్పాల్సిన మనిషికి అసలే చెప్పలేదు. ఆమె మొన్న ఉగాది వెళ్లిన పది రోజులకు కన్నుమూసింది. ఆమె ఉన్నన్నాళ్లూ ఎప్పుడో ఒకప్పుడు చెప్పొచ్చులే అని నన్ను నేను ఊరడించుకునేదాన్ని. ఇప్పుడా ఊరట కూడా పోయింది. అందుకే ఈ కాగితం తీశాను.

ముందుగా ఒక మాట. నేను అనుమానం మనిషిని. పుట్టుకతోనే అంతో, అత్తింటికి వచ్చాక అయ్యానో తెలియదు. కూరలో ఉప్పు ఎక్కువైతే ఎవరో కావాలని వేశారనుకుంటాను. మాట్లాడుకుంటున్న ఇద్దరు నన్ను చూసి ఆగితే అది నా గురించేనని తేల్చేసుకుంటాను. మీరు కూడా ఇది చదువుతూ మధ్యలో మొహం చిట్లిస్తారని ఇప్పటి నుంచే నాకు అనుమానంగా ఉంది. చిట్లించండి. మీ తప్పేమీ లేదు.

నేను నిజామాబాద్ పిల్లను. కంఠేశ్వర్‌లో గుడి వెనక వీధిలో పెరిగాను. ఏడో తరగతి దాకా చదివాను. పదిహేడేళ్లకు వర్ని వైపు ఒక వ్యవసాయపు ఇంటికి చిన్న కోడలిగా వచ్చాను. నిజాంసాగర్ కాలువ నీళ్లు పారే భూములు. చెరుకు, వరి, ఒక మడిచెక్క పసుపు. ఇల్లు ఊళ్లో లేదు, పొలంలోనే ఉంది. చుట్టూ చెరుకు ఎదిగిందంటే ఆకాశం తప్ప ఇంకేమీ కనబడేది కాదు. పట్నంలో పుట్టిన నాకు ఆ చెరుకు లోపలి నుంచి ఎవరో చూస్తున్నట్టే ఉండేది.

ఇంట్లో ఐదుగురం. మా అత్త, మా బావ, ఆయన భార్య రాజవ్వ, మా ఆయన, నేను. మామ అప్పటికే లేడు. రాజవ్వ నాకు తోడికోడలు, మా వైపు మాటలో యారాలు. నేను రాజక్క అనేదాన్ని. పాలు పితకడం ఆమే నేర్పింది. నాటు వేసేటప్పుడు నడుం పట్టేస్తే ఎలా వంగాలో ఆమే చూపించింది. అత్త నన్ను "పట్నం దొరసాని" అని ఎత్తిపొడిచినప్పుడల్లా నా వంతు పని కూడా చప్పుడు లేకుండా చేసిపెట్టేది. ఇంత మంచితనం ఎందుకు? అదే నన్ను నేను ప్రశ్నించుకునేదాన్ని. ఒక మనిషి ఊరికే మంచిగా ఉంటుందంటే నాకు నమ్మకం కుదిరేది కాదు.

ఇక పిల్లి. బూడిద రంగుది, తోక కొస మాత్రం తెల్లగా ఉండేది. దాన్ని ఎవరూ తేలేదు. ఒక వానాకాలం వచ్చి కొట్టంలో పడుకుంది, అంతే. మా అత్త దానికి ఒకే ఒక్క కట్టడి పెట్టింది. కొట్టంలో ఉండొచ్చు, గడప దాటకూడదు. అది కూడా ఆ మాట విన్నట్టే ఉండేది. గడప దాకా వచ్చి ముందు కాళ్లు దగ్గరగా పెట్టుకుని లోపలికి చూసేదే తప్ప అడుగు పెట్టేది కాదు. పొద్దంతా కొట్టం పక్కన వడ్లు పోసే గుమ్మి మూత మీద పడుకునేది. ఎండాకాలం బావి దగ్గర తడి మట్టిలోకి మారేది. ఎలుకను పట్టిందంటే తెచ్చి రాజక్క కాళ్ల దగ్గరే పెట్టేది. నా దగ్గర ఒక్కసారి కూడా పెట్టలేదు. నవ్వకండి, దానికి కూడా నేను మనసులో కష్టపడ్డాను.

పాలు పితికేటప్పుడు రాజక్క బర్రె పొదుగు నుంచి ఒక ధార దాని మొహం మీదికి కొట్టేది. అది కళ్లు మూసుకుని నోరు తెరిచేది. మా బావకు శకునాల పిచ్చి. చెరుకు బండి కట్టి బోధన్‌కు బయలుదేరగానే పిల్లి అడ్డం వస్తే దిగి, కాళ్లు కడుక్కుని, నీళ్లు తాగి, అరుగు మీద కాసేపు కూర్చుని మళ్లీ ఎక్కేవాడు. వాకిట్లో కాపురముండే పిల్లి రోజుకు పదిసార్లు అడ్డం రాక ఏం చేస్తుంది? ఒకరోజు ఆయన మూడుసార్లు దిగేసరికి మా అత్తకు ఒళ్లు మండింది. "మనింటి పిల్లికి శకునం లేదు పోరా. పరాయోళ్ల పిల్లైతేనే సూడు" అని తీర్పు చెప్పేసింది. ఆ తర్వాత ఆ గొడవ లేదు.

నేను వచ్చిన మూడో ఏడు పిల్లి కడుపుతో ఉందని తెలిసింది. నయా పైసలు వచ్చిన కొత్త. మాఘ మాసం. ఒకపక్క చెరుకు నరుకుతున్నారు, ఇంకోపక్క పసుపు ఉడకబెట్టి కళ్లంలో ఆరబోస్తున్నారు. అందరి చేతులూ మోచేతుల దాకా పచ్చగా ఉన్నాయి. ఆ రోజుల్లోనే మా అత్త పిల్లి మాయ సంగతి ఎత్తింది.

మీకు తెలిసే ఉంటుంది. పిల్లి పిల్లలు పెట్టినప్పుడు వాటి వెంట వచ్చే మాయను వెంటనే తినేస్తుంది. అది తినక ముందే దక్కించుకుని, పసుపులో పొర్లించి ఆరబెట్టి, పెట్టెలో దాచుకుంటే ఆ ఇంట్లో దేనికీ లోటుండదని మావాళ్ల నమ్మకం. మా అత్త పుట్టింట్లో ఒకటి ఉండేదట. ఆమె కళ్లతో చూడలేదు, వాళ్లమ్మ చెప్పగా విన్నది. ఇప్పుడు మన కొట్టంలోనే పిల్లి పిల్లలు పెట్టబోతుంటే ఊరుకుంటామా? పగలు నేనూ రాజక్కా వంతులవారీగా కాపలా ఉండాలని, దొరికితే తెచ్చి తన చేతిలో పెట్టాలని చెప్పింది.

ఆ రోజు నుంచి ఆ ఇంటి గాలే మారిపోయింది. నేను కొట్టం వైపు వెళ్తే అత్త కళ్లు నా వెనకే వచ్చేవి. రాజక్క వెళ్తే నా కళ్లు వెళ్లేవి. మా ఆయన కూడా ఒకటి రెండుసార్లు, "గది వదినె చేతికి జిక్కిందనుకో, రేపు వేరుపడ్డప్పుడు వాళ్లే తీసుకపోతరు" అని గొణిగాడు. అప్పటికి వేరుపడే మాటే లేదు. కానీ ఆ మాట నాలో పడింది, మొలకెత్తింది. రాజక్క దానికి మజ్జిగన్నం ఎందుకు పెడుతోంది? మధ్యాహ్నం పూట దాని పక్కన కూర్చుని తనలో తానే ఏదో అనుకుంటుంది, ఏమిటది? ఒకరోజు తడక చాటు నుంచి విన్నాను. మాటలు వినబడలేదు. ఒక చేత్తో పిల్లి కడుపు నిమురుతోంది. నాకు అది దొంగ బుజ్జగింపులా కనబడింది. ఇప్పుడు తలచుకుంటే తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది.

నేను కాపలా ఉన్న ఒక మధ్యాహ్నమే అది పిల్లలు పెట్టింది. కొట్టం వెనక ఎండిన చెరుకాకు కుప్పలో. అత్త కళ్లంలో పసుపు దగ్గర ఉంది. రాజక్క చెరుకు నరికేవాళ్లకు అన్నం గంప తీసుకుపోయింది. నేనొక్కదాన్నే. మొదటి పిల్ల వచ్చింది, మాయను అది నా కళ్ల ముందే మింగేసింది. రెండోదీ అంతే. మూడో పిల్లను నాకుతుండగా చెయ్యి పెట్టాను. నేను ఇలాంటి పని చేయగలనని నాకే తెలియదు. చేతికి వెచ్చగా, జారుడుగా తగిలింది. లాగాను. పిల్లి అరిచి నా మణికట్టు మీద గీరింది. నాలుగు గీతలు, నెత్తురు చిమ్మింది. అయినా వదల్లేదు. జాకెట్టులో దాచుకున్న పసుపు గుడ్డలో చుట్టి, పరుగున వెళ్లి, గుమ్మి వెనక్కి పోయి, మూత ఎత్తి వడ్ల లోపలికి మోచేతి దాకా దూర్చి పెట్టి వచ్చాను.

అప్పటికి దాన్ని నేనే ఉంచుకోవాలని అనుకున్నానా? నిజం చెబుతున్నాను, తెలియదు. అత్త చేతిలో పెట్టి శభాష్ అనిపించుకోవాలన్న కోరిక కూడా ఉంది. సాయంత్రం దాకా ఆలోచించుకుందాం అనుకున్నాను. అంతే. ఆ సాయంత్రం రాలేదు.

మణికట్టును కొంగులో దాచుకుని నేను తిరిగి వచ్చేసరికి రాజక్క గంప పక్కన పడేసి కుప్ప దగ్గర గొంతుక్కూర్చుని ఉంది. పిల్లలను చూసి మొహం వెలిగిపోతోంది. పెంకులో పాలు పోస్తోంది. నా వెనకే అత్త వచ్చింది. కూర్చున్న ఆమెను చూసింది, నిలబడ్డ నన్ను చూసింది. "మాయ ఏదే?" అని నన్నే అడిగింది.

"నేను అన్నం తినొచ్చేసరికే రాజక్క ఈడ ఉన్నది అత్తమ్మా" అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చింది ఆ మాట! అబద్ధానికి నాలుక తడబడుతుందంటారు. నాకు తడబడలేదు. రాజక్క తలెత్తి నా వైపు చూసి, "నేను జూడలే అత్తమ్మా, అది తినేసినట్టున్నది" అంది. అత్త వంగి చెరుకాకు కుప్పంతా చేత్తో తిరగేసింది. ఆ కలబెట్టుడుకు పిల్లి బెదిరింది. ఒక్కొక్క పిల్లనే మెడ పట్టుకుని గట్టు దాటి నిలువు చెరుకులోకి తీసుకుపోయింది. మళ్లీ మా కొట్టం మొహం చూడలేదు.

ఆ రోజు చీకటిపడ్డాక నా మణికట్టు చూసి రాజక్క పసుపు తెచ్చి అద్దింది. చెరుకాకు కోసిందని చెప్పాను. మా వైపు చెరుకులో పనిచేసే అందరి చేతుల మీదా ఆకు కోతలుంటాయి, ఎవరూ అడగరు. ఆమె మాత్రం పసుపు అద్దుతూ కాసేపు చూసింది. "ఆకు గిట్ల గీరదు చెల్లె" అంది. అంతే. గుడ్డ చుట్టి ముడి వేసింది. ఆమెకు తెలిసిందా? తెలిస్తే ఎందుకు ఊరుకుంది? ఆ ఒక్క మాటను పద్దెనిమిదేళ్లు తిప్పి తిప్పి చూశాను. ఇప్పటికీ తేలలేదు.

అత్తకు అనుమానం చల్లారలేదు. పది రోజులు ఇద్దరినీ గద్దలా కనిపెట్టింది. ఒకరోజు నా గదిలోకి వచ్చి ఇటూ అటూ చూసి, "నీ సందుగ ఒకపారి సూపియ్యి" అంది. సందుగ అంటే పుట్టింటివాళ్లు పెట్టి పంపిన పెట్టె. మా ఇళ్లలో ఆడదానికి తనది అని చెప్పుకోవడానికి ఉండేది అదొక్కటే. మొగుడు కూడా అడక్కుండా మూత ఎత్తడు. నా పెట్టెలో ఏమీ లేదు, తీసి చూపిస్తే సరిపోయేది. కానీ పెట్టె అయ్యాక ఇంకా ఎక్కడెక్కడ వెతుకుతుందో? నా మీద నుంచి ఆమె చూపు మళ్లించాలి. అందుకని నాకు తెలిసిన ఒక నిజం చెప్పాను. "రాజక్క పగటిపూట తలుపు దగ్గరకేసుకుని సందుగ తీస్తుంటది అత్తమ్మా. ఒకటి రెండు పార్లు జూసిన" అన్నాను.

అది అబద్ధం కాదు. నిజంగానే చూశాను. నిజాన్ని కూడా రాయిలా విసరొచ్చని ఆ రోజే తెలుసుకున్నాను.

రెండు రోజుల తర్వాత రాజక్క పుట్టింటికి బయలుదేరింది. బాల్కొండ అవతల గోదావరి ఒడ్డున వాళ్ల ఊరు. చిన్నాయన కూతురి పెళ్లి. బండి కట్టారు. సందుగ అరుగు మీదికి వచ్చింది. అత్త వచ్చి దాని మీద చెయ్యి పెట్టింది. బావ, మా ఆయన, నేను, పసుపు పనికి వచ్చిన ఆడవాళ్లు ఇద్దరు, అందరం అక్కడే ఉన్నాం.

చీరలు తీసింది. రెండు జాకెట్లు, దువ్వెన, అద్దం తీసింది. అడుగున ఒక పసుపు గుడ్డ మూట. విప్పింది. లోపల చింతగింజ కన్నా కొంచెం పెద్దగా, ఎండి ముడుచుకుపోయిన గోధుమరంగు ముక్క.

"గిదేంది?" అంది అత్త.

రాజక్క ముందుకు దూకినంత పని చేసింది. "ముట్టకుండ్రి అత్తమ్మా. అది నా బిడ్డ బొడ్డు."

ఇక్కడ మీకు ఒకటి చెప్పాలి. నేను ఆ ఇంటికి రాకముందు రాజక్కకు ఒక ఆడపిల్ల పుట్టింది. తొలి కాన్పు పుట్టింట్లోనే. ఏడు నెలలు బతికి, జ్వరమొచ్చి అక్కడే పోయింది. వాళ్ల నాన్న పొలం గట్టున పూడ్చిపెట్టారు. పుట్టిన పిల్ల బొడ్డు ఊడితే దాన్ని దాచి, వెండి తాయెత్తులో పెట్టి పిల్లకు కడతారు. ఆ తాయెత్తు చేయించేలోపే పిల్ల పోయింది. బొడ్డు మాత్రం తల్లి దగ్గర ఉండిపోయింది. చనిపోయిన పిల్ల వస్తువు ఇంట్లో ఉంచుకోకూడదంటారు. అందుకే మొగుడికి కూడా చెప్పకుండా దాచుకుంది. మధ్యాహ్నాలు తలుపు దగ్గరకేసి తీసి చూసుకునేది దాన్నే.

అత్త కొడుకు వైపు చూసింది. "నాకు ఎరుక లేదవ్వా, నేనెన్నడు జూడలే" అన్నాడు బావ. ఆయన అబద్ధం ఆడలేదు.

"సచ్చిన పిల్ల బొడ్డు ఎవరన్న ఇంట్ల పెట్టుకుంటరా?" అత్త గొంతు పెరిగింది. "గిది నిజంగ బొడ్డే అయితే ఇప్పుడే కాల్వల పారేస్త. మాయ అయితే దేవుని అర్రల పెడ్త. ఏదో ఒకటి జెప్పు. బొడ్డా, మాయనా?"

కాలువ ఇంటి ముందే పారుతోంది, ఆ రోజు నీళ్లు నిండుగా ఉన్నాయి. రాజక్క ఒకసారి ఆ నీళ్ల వైపు చూసింది. తర్వాత అత్త చేతిలోని గుడ్డ వైపు చూసింది.

"మాయనే" అంది. "నేనే తీసిన."

పని ఆడవాళ్లలో ఒకామె బుగ్గన వేలు పెట్టుకుంది. బావ తల దించుకుని బండి దగ్గరికి పోయాడు. "దొంగముండ" అంది అత్త, అని ఆ ముక్కను కళ్లకద్దుకుంది.

ఆ వాకిట్లో ఉన్నవాళ్లలో రాజక్క అబద్ధం చెబుతోందని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. అసలు మాయ గుమ్మిలో ఉంది. అది దీనికి మూడింతలుంటుంది. అత్త ఎన్నడూ చూసి ఉండలేదు కాబట్టి నమ్మింది. ఒక్క మాట చాలు. "అత్తమ్మా, మాయ నా దగ్గరున్నది" అంటే చాలు. కానీ అంటే బొడ్డు కాలువలోకి పోతుంది కదా? అలా అని నాకు నేను చెప్పుకున్నాను. నేను నోరు విప్పకపోవడం ఆమె మేలుకే అని. చూశారా మనసు ఎంత గడుసుదో! ఆ క్షణంలో ఆమె బిడ్డ నాకు గుర్తు రాలేదు. నన్ను దొంగ అంటారన్న భయం ఒక్కటే ఉంది. ఆమె మేలన్న మాట తర్వాత అల్లుకున్నది.

ఆ రోజు రాజక్క పెళ్లికి వెళ్లలేదు. బండి విప్పేశారు.

అత్త బోధన్‌లో కంసాలి దగ్గర వెండి డబ్బీ చేయించి, దాన్ని అందులో పెట్టి దేవుడి గదిలో ఉంచింది. శుక్రవారం శుక్రవారం ఊదు, కుంకుమ. ఊదు వేయడం నా పని. రాజక్కను ఆ గదిలోకి రానిచ్చేది కాదు. ఆమె గుమ్మం అవతల నిలబడి దండం పెట్టుకునేది. దొంగతనం చేసిన సిగ్గుతో అలా నిలబడుతోందని అత్త అనుకునేది. ఆమె ఎవరికి దండం పెడుతోందో నాకు తెలుసు. తెలిసి, ఊదు గిన్నె చేత్తో పట్టుకుని, ఆమె పక్క నుంచే లోపలికి నడిచేదాన్ని.

పసుపు పని ఆడవాళ్ల నోట ఊరంతా పాకింది. పిల్లి మాయ దొంగ అని ఆమెకు పేరొచ్చింది. ఇరుగుపొరుగు పొలాలవాళ్లు పురిటి ఇంటికి ఆమెను పిలవడం మానేశారు. ఆ ఏడు చెరుకు బాగా వచ్చింది, మాయ మహిమ. రెండో బావిలో నీళ్లు పడ్డాయి, మాయ మహిమ. మూడేళ్ల తర్వాత రాజక్కకు కొడుకు పుడితే అదీ మాయ మహిమే అంది అత్త. రాజక్క పిల్లవాణ్ని ఒళ్లో పెట్టుకుని విన్నది.

నా మాయ సంగతి అడగరేం? రెండు నెలలకు దొంగతనంగా గుమ్మిలో చెయ్యి పెట్టి చూశాను. పిల్లి పోయాక ఎలుకలకు అడ్డు లేకుండా పోయింది. గుడ్డ పీలికలు మాత్రం దొరికాయి. తినేశాయి. ఇంత చేసి నాకు మిగిలింది పచ్చటి పీలికలు నాలుగు. వాటిని పొయ్యిలో వేశాను. ఆ రోజు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పదేళ్లు గడిచాక అన్నదమ్ములు వేరుపడ్డారు. వాకిట్లో గోడ లేచింది. అత్త చిన్న కొడుకు దగ్గర, అంటే మా దగ్గర ఉంటానంది. ఆమెతో పాటు డబ్బీ మా వైపు వచ్చింది. పంపకాలు జరిగిన మర్నాడు బావి దగ్గర రాజక్క నన్ను ఆపింది. అప్పటికి గోదావరి మీద పోచంపాడు ఆనకట్ట లేస్తోంది. ఆమె పుట్టింటి ఊరు మునిగే ఊళ్లలో ఉంది.

"చెల్లె, బాపు పొలం నీళ్లల్ల పోతున్నది" అంది. "గా గట్టు గూడ పోతది. నాకేం వద్దు. గా డబ్బీ ఒక్కటి ఇప్పియ్యరాదు?"

నా మొదటి ఆలోచన ఏమిటో తెలుసా? నన్ను పరీక్షిస్తోంది అని. ఇస్తానంటే, నీకు ముందే తెలుసా అని పట్టుకుంటుందని. బిడ్డను పూడ్చిన నేల మునిగిపోతోందని ఒక తల్లి అడుగుతుంటే నాకు తట్టింది అది! "అత్తమ్మను అడుగు అక్కా" అన్నాను. ఆమె నా కళ్లలోకి చూసింది. తర్వాత నా మణికట్టు వైపు చూసినట్టు అనిపించింది. నిజంగా చూసిందో, నా అనుమానమో. చేద పైకి లాగి, బిందె నింపుకుని వెళ్లిపోయింది. అత్తను అడగలేదు. అడిగితే ఏం జరుగుతుందో ఆమెకు తెలుసు.

అత్త పోయిన తర్వాతైనా ఇవ్వొచ్చు కదా అంటారు. ఇవ్వొచ్చు. మా ఆయన ఇంట్లో ఏ మంచి జరిగినా ఆ డబ్బీకే దండం పెడతాడు. ఆయనకు ఏమని చెప్పను? గోడకు అవతలి నుంచి రాజక్క దగ్గు వినబడేది. రేపు వెళ్దాం అనుకునేదాన్ని. నాలుగేళ్లు రేపటితోనే గడిచాయి.

రాజక్క పోయిన రోజు డబ్బీ కొంగున ముడేసుకుని గోడ అవతలికి వెళ్లాను. వాకిట్లో పడుకోబెట్టారు. స్నానం చేయించే ఆడవాళ్లలో నేనూ ఒకదాన్ని. ఆమె గుప్పిట్లో పెట్టేస్తే చాలు, ఆమెతో పాటు వెళ్లిపోతుంది. కొంగు ముడి మీద చెయ్యి వేశాను. పక్కామె నా చెయ్యి వైపు చూసింది. ఏమిటది అని అడుగుతుందేమో అనిపించింది. ఆమె అడగలేదు. అడుగుతుందేమో అన్న అనుమానం చాలింది నాకు. ముడి విప్పలేదు. డబ్బీ మళ్లీ ఇంటికే వచ్చింది.

వాళ్ల ఊరి మీద ఇప్పుడు నీళ్లున్నాయి. తీసుకెళ్లి ఆ నీళ్లలో వదిలితే బాగుంటుందని ఒకసారి అనిపించింది. కానీ ఆమె వస్తువును ఏం చేయాలో మళ్లీ నేనే తేల్చడం ఏమిటి? ఆమె కొడుకుకు ఇద్దామంటే, ఆ పిల్లవాడికి తనకొక అక్క పుట్టి పోయిందన్న సంగతే తెలియదు. ఎలా చూసినా నాకు దారి కనబడలేదు. ఎవరూ క్షమించేవాళ్లు మిగల్లేదు. మీరు క్షమించినా దాన్ని నేను నమ్మను, నా సంగతి మీకు చెప్పానుగా.

అందుకే ఉన్నమాట రాస్తున్నాను. పిల్లి మాయ తీసింది నేను. రాజవ్వ దొంగ కాదు. డబ్బీలో ఉన్నది ఆమె బిడ్డ బొడ్డు. ఆ పిల్ల పేరు గంగమణి. గోదావరి ఒడ్డున పుట్టిందని పెట్టారట, రాజక్క పోయాక ఆమె తమ్ముడు చెప్పాడు. నేనెన్నడూ అడగలేదు.

ఇంత రాసి చూసుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలి. కానీ పొయ్యి మీద అన్నం ఉడికిన వాసన వస్తోంది, నాకు ఆకలి వేస్తోంది. ఆమె పోయిన నాటి నుంచి ఇంత ఆకలి వేయడం ఇదే మొదలు. లేచి వెళ్లి తింటాను.